నేల ఉసిరి పొట్లంలో ఏ మొక్క ఉంది?

పచ్చకామెర్లకి మా అమ్మమ్మ నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చేది. గట్టు మీద కూర్చుని, ఆకుల కింద వరసగా ఉన్న కాయలు చూసుకుని మరీ పీకేది. మనం కొనే ఎండు పొట్లంలో మిగిలేది పుల్లలూ, నలిగిన ఆకులే. విజయవాడ వన్‌టౌన్‌లో మూడు పొట్లాలు కొని, వాటిలో ఉన్నది అదేనా అని డీఎన్‌ఏ బార్‌కోడింగ్‌తో (డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్క చదివి జాతిని గుర్తుపట్టే పద్ధతి) తేల్చడమే ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా పెట్టుకున్నాను.

జంతువులకి బార్‌కోడ్‌గా వాడే మైటోకాండ్రియా జన్యువు మొక్కల్లో మరీ నెమ్మదిగా మారుతుంది, జాతుల్ని విడదీయలేదు. అందుకే 2009లో క్లోరోప్లాస్టులోని ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే జన్యువుల్ని మొక్కల బార్‌కోడ్‌గా సిఫారసు చేశారు.

గుంటూరు ల్యాబ్‌లో నా మొదటి నెల డీఎన్‌ఏ తీయడానికే సరిపోయింది. ఆకుల పొడిని కణాల్ని పగలగొట్టే సీటాబ్ ద్రావణంలో 65 డిగ్రీల దగ్గర ఉంచి క్లోరోఫామ్‌తో కడిగితే, చివరికి ట్యూబు అడుగున తెల్లగా రావాల్సిన డీఎన్‌ఏ టీ డికాషన్ రంగులో, జిగురుగా వచ్చింది. మొక్కలోని ఫినాల్స్ అనే రసాయనాల పని అది. డీఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉండాలి, నాకు 1.3 దాటలేదు. కావాల్సిన ముక్కని లక్షల కాపీలు చేసే పీసీఆర్ చేస్తే, అది పనిచేసిందని చూపే గీత జెల్‌లో ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం బస్సులో ఏడుపొచ్చింది. తర్వాత ఫినాల్స్‌ని పట్టేసే పీవీపీ కలిపి, క్లోరోఫామ్‌తో రెండోసారి కడిగి, వచ్చిన డీఎన్‌ఏని పది రెట్లు పలచన చేశాను. గీత పడింది!

కానీ ఆర్‌బీసీఎల్ సీక్వెన్స్‌ని (డీఎన్‌ఏ అక్షరాల వరసని) జెన్‌బ్యాంక్ అనే డేటాబేస్‌లో వెతికితే, నేల ఉసిరి ప్రజాతి అయిన ఫిల్లాంథస్‌లోని జాతులు నాలుగైదు దాదాపు ఒకే స్కోరుతో వచ్చాయి. ప్రజాతి తెలిసింది, జాతి తెలియలేదు. మ్యాట్‌కే ముక్కని పీసీఆర్‌లో పట్టుకునే ప్రైమర్లు అసలు పని చేయలేదు. రెండు జన్యువుల మధ్య ఉండే పీఎస్‌బీఏ-టీఆర్‌ఎన్‌హెచ్ ముక్క త్వరగా మారుతుంది కాబట్టి దాన్ని పట్టుకున్నాను.

అప్పుడు మా గైడ్ మేడమ్ అడిగారు: "పోల్చడానికి నీ దగ్గర అసలు మొక్క ఏదమ్మా?"

నిజమే. జెన్‌బ్యాంక్‌లో పేరు తప్పు పెట్టిన సీక్వెన్సులూ ఉంటాయి. వానలు పడ్డాక పొలాలకి వెళ్లి పూతా కాయా ఉన్న మొక్కలు తెచ్చాను. రక్షకపత్రాలు అయిదని భూతద్దంలో లెక్కపెట్టి, ఫిల్లాంథస్ అమారస్, అంటే నేల ఉసిరే అని మేడమ్ నిర్ధారించాకే హెర్బేరియం షీట్ (ఎండబెట్టి అట్టకి అంటించిన నమూనా) చేశాం. కొన్ని ఆకులు సిలికాజెల్‌లో ఆరబెట్టి వాటికీ సీక్వెన్సింగ్ చేయించాను.

రెండు పొట్లాలు ఆ మొక్కతో సరిపోయాయి. మూడోది సరిపోలేదు. జెన్‌బ్యాంక్ ప్రకారం అది ఫిల్లాంథస్ మదరాస్‌పటెన్సిస్‌కి దగ్గర. ఆ జాతి షీట్ నా దగ్గర లేదు గనక, రిపోర్టులో "దగ్గరి పోలిక" అని మాత్రమే రాశాను. ఈ వానాకాలం దాని కోసం వెతుకుతున్నాను.