చర్చి కింద రాక్షస గుడి

ఉత్తర స్పెయిన్‌లో సముద్రం పక్కగా సాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి సాగే యాత్రా మార్గంలో రిబదెసెయ్యా దాకా వచ్చాక, ఆ దారి వదిలేసి కాంగాస్ దె ఓనీస్ వెళ్లే బస్సెక్కాను. అక్కడ సాంతా క్రూస్ అని ఒక చిన్న చర్చి ఉంది, దానికోసమే. ఊళ్లో దిగినవాళ్లలో చాలామంది నది మీది పాత రాతి వంతెన దగ్గర ఫోటోలు దిగి, అటునుంచి అటే కోవదోంగా అనే పుణ్యక్షేత్రానికి వెళ్లిపోతారు.

చర్చి ఒక చిన్న దిబ్బ మీద ఉంది, బయట నుంచి చూస్తే దీనికోసమా ఇంత దూరం వచ్చింది అనిపిస్తుంది. లోపల అడుగుపెడితే నేలలో పెద్ద గొయ్యి. తొంగి చూస్తే కింద నిలువుగా పాతిన బండలు. డాల్మెన్ అన్నమాట, మన తాడ్వాయి అడవుల్లో రాక్షస గుళ్లంటారే, ఆ జాతిది, చనిపోయినవాళ్లకోసం రాళ్లతో కట్టిన గది. 5 వేల ఏళ్ల పైమాటే. ఒక బండ మీద జిగ్‌జాగ్ గీతలు, చెక్కినవి కొన్ని, ఎర్ర రంగుతో వేసినవి కొన్ని. చాలాసేపు వంగి చూశాను, నడుం పట్టేసింది కూడా.

దీని మీద 737లో చర్చి కట్టించింది ఫావిలా, ఈ ప్రాంతాన్ని ఏలిన అస్తూరియాస్ రాజు. రెండేళ్లకే ఎలుగుబంటి చేతిలో పోయాడు పాపం. నాకు వింతగా అనిపించింది వేరే సంగతి. అంతకు ముందు 681లో, మళ్లీ 693లో స్పెయిన్‌లోనే తొలేదో నగరంలో బిషప్పులు సభలు పెట్టి, రాళ్లకు మొక్కేవాళ్లను గట్టిగా ఖండించారు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందంటే జనం మానలేదనేగా! అయినా యాభై ఏళ్లు తిరక్కుండానే ఒక క్రైస్తవ రాజు వెతుక్కుని వచ్చినట్టు ఈ రాళ్ల మీదే శిలువ నిలబెట్టాడు. పాత గుళ్లను కూలగొట్టకండి, విగ్రహాలు తీసేసి పవిత్ర జలం చల్లి వాడుకోండి అని 601లోనే పోప్ గ్రెగొరీ ఇంగ్లండ్‌లోని తనవాళ్లకు రాశాడు, అది తెలివైన పద్ధతి. కానీ ఇక్కడ మతం ఒక్కటే కారణమని నాకనిపించలేదు. నిన్నగాక మొన్న పుట్టిన రాజ్యం, తండ్రి పెలాయో యుద్ధం గెలిచి తెచ్చింది. తాతముత్తాతల నాటి దిబ్బ మీద కూర్చుంటే ఈ నేల మాదే అని వేరే చెప్పక్కర్లేదు కదా. ఇది నా ఊహే లెండి.

ఇప్పుడున్న గోడలు మాత్రం ఆనాటివి కావు. 1930ల నాటి స్పెయిన్ అంతర్యుద్ధంలో చర్చిని కూల్చేశారు, 1950 ప్రాంతంలో మళ్లీ కట్టారు. పైన గుడి ఎన్నిసార్లు మారినా కింద బండలు అక్కడే ఉన్నాయి.

సాయంత్రం కోవదోంగా కూడా వెళ్లాను. కొండ గుహలో మేరీమాత, పక్కనే పెలాయో సమాధి, కింద జలపాతం. అక్కడ జనమే జనం, క్యూ కదలదు. రెండింటిలో ఒక్కదానికే టైముంటే నేనైతే సాంతా క్రూస్‌కే వెళ్లమంటాను, కాకపోతే తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోండి.