ఎంత కావాలో అడగడం నేర్పే తరగతి

జర్మనీ విశ్వవిద్యాలయాల్లో శీతాకాలపు సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది. మా కంప్యూటింగ్ కేంద్రంలో కొత్తవాళ్లకు క్లస్టర్, అంటే ఎన్నో కంప్యూటర్లు కలిసి పనిచేసే పెద్ద యంత్రం, పరిచయ శిక్షణ కూడా అప్పుడే. నేనక్కడ యూజర్ సపోర్టులో పనిచేస్తాను. యంత్రాన్ని నడిపేవాళ్లు వేరే ఉన్నారు. దాన్ని వాడుకోవడానికి వచ్చే పరిశోధకులకు దారి చూపించడం, యంత్రానికి అప్పగించిన లెక్క (దాన్ని జాబ్ అంటాం) ఎందుకు ఆగిపోయిందో వాళ్లతో కలిసి వెతకడం నా పని. పీహెచ్‌డీ మొదటి ఏడాది పిల్లలు, మాస్టర్స్ థీసిస్ మొదలుపెట్టినవాళ్లు, అప్పుడప్పుడు తల నెరిసిన ప్రొఫెసర్లు కూడా వచ్చి కూర్చుంటారు. ఈమధ్య ప్రతి బ్యాచ్‌లోనూ మనవాళ్లు కనిపిస్తున్నారు. తెనాలి, నూజివీడు, గుంటూరు, బెజవాడ. కాఫీ విరామంలో నా పేరు చూసి దగ్గరికొచ్చి, "అక్కా, మీది మన వైపేనా?" అని అడుగుతారు. ఆ మాట వింటే ఆ పూటంతా హుషారుగా ఉంటుంది నాకు.

కోడ్ రాయడంలో మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. లినక్స్ టెర్మినల్ కొందరికి కొత్తే అయినా వారం పది రోజుల్లో పట్టుబడుతుంది. వాళ్లు తడబడేది రెండు చోట్ల. ఒకే యంత్రాన్ని వందలమందితో పంచుకుని వాడే అవకాశం అంతకుముందు వాళ్లకు రాలేదు. అర్థం కాకపోతే చెయ్యెత్తి అడగడం కాలేజీలో ఎవరూ అలవాటు చెయ్యలేదు. పరిచయ శిక్షణ ఉన్నది ముందుగా ఈ రెండింటి కోసమేనని నా గట్టి నమ్మకం. వేగం సంగతి ఆ తర్వాత.

క్లస్టర్ అంటే వేగమైన నెట్‌వర్క్‌తో కలిపిన వందలకొద్దీ కంప్యూటర్లు. ఒక్కోదాన్ని నోడ్ అంటాం. దూరంలో ఉన్న యంత్రంలోకి భద్రంగా చేర్చే ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్తే మనం దిగేది లాగిన్ నోడ్ మీద. అక్కడ ఫైళ్లు సర్దుకోవచ్చు, స్క్రిప్టు రాసుకోవచ్చు. పెద్ద లెక్కలు మాత్రం అక్కడ నడపకూడదు, అదే సమయానికి ఇంకా ఎంతోమంది అదే నోడ్ మీద పని చేసుకుంటూ ఉంటారు. లెక్కలకు కంప్యూట్ నోడ్లు వేరే ఉన్నాయి. వాటిని ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చూసేది షెడ్యూలర్. మా దగ్గర అది స్లర్మ్. అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. జాబ్ స్క్రిప్టు పైన కొన్ని వరుసలు రాస్తాం: ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగాలు), ఎంత మెమరీ, ఎంతసేపు. ఎస్‌బ్యాచ్‌తో పంపితే జాబ్ క్యూలో చేరుతుంది, ఎస్‌క్యూతో క్యూ కనిపిస్తుంది, ఎస్‌క్యాన్సిల్‌తో వెనక్కి తీసుకోవచ్చు. మొదటి రోజుకి ఈ మూడు కమాండ్లు చాలు.

అసలు పాఠమంతా ఆ పైవరుసల్లో ఉంది. కొత్తవాళ్లలో చాలామంది, ఎందుకైనా మంచిదని, ఇరవై నిమిషాల జాబ్‌కి రెండు రోజుల సమయం రాస్తారు. రాసి, జాబ్ ఎంతకీ మొదలవలేదని దిగులుపడతారు. కల్యాణమండపం సాయంత్రం పెద్ద పెళ్లికి ఇచ్చేశారనుకోండి. పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా చాలు అంటే మేనేజరు ఒక బారసాలకు సంతోషంగా ఇస్తాడు. రోజంతా కావాలంటే పెళ్లయ్యేదాకా ఆగమంటాడు. స్లర్మ్‌లో బ్యాక్‌ఫిల్ పనిచేసేది ఇలాగే. పెద్ద జాబ్ కోసం నోడ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నప్పుడు, ఆ సందులో పట్టే చిన్న జాబ్‌ని ముందుకు పంపుతుంది. పడుతుందో లేదో తెలియాలంటే దానికి మనం రాసిన సమయమే ఆధారం. మరీ తక్కువ రాసినా చిక్కే, గడువు దాటగానే జాబ్‌ని ఆపేస్తుంది. అందుకే ముందు చిన్న డేటాతో ఒకసారి నడిపి, ఎంత పట్టిందో కొలిచి, దానిమీద కొంచెం కలిపి అడగమంటాం. ఈ కొలిచే అలవాటు ఒక్కటి అబ్బితే శిక్షణలో సగం పని అయినట్టే.

క్రిస్మస్ సెలవులకీ సంక్రాంతికీ కలిపి నేను విజయవాడ వస్తుంటాను. నాతో ఇంజనీరింగ్ చదివిన స్నేహితురాలు ఇప్పుడు బందరు రోడ్డు మీద ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. "ఎంటెక్ పిల్లలకు, మా రీసెర్చ్ స్కాలర్లకు నువ్వక్కడ చెప్పేదే ఇక్కడా చెప్పవే" అంది. మా అమ్మ మాత్రం "సెలవుకొచ్చి కూడా పనేనా తల్లీ" అంటూనే పొద్దున్నే పెసరట్లు పోసి పంపింది.

కాలేజీలో క్లస్టర్ లేదు. ల్యాబులో పాత డెస్క్‌టాపులు ఉన్నాయి, ఒక్కోదానికి 8 కోర్లు. వాటిలో కొన్నింటి మీద లినక్స్ వేసి, స్లర్మ్ పెట్టి చిన్న క్లస్టర్ తయారుచేశాం. ఇలా చెయ్యాలనుకునే అధ్యాపకులకు రెండు మాటలు చెప్పాలి. యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి మంజ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. దాని రహస్య కీ ఫైలు అన్నిటి మీదా ఒకటే ఉండాలి. అన్నిటి గడియారాలూ ఒకే సమయం చూపించాలి, తేడా వస్తే మంజ్ ఒప్పుకోదు. ఈ రెండూ సరిచూసుకుంటే ఖర్చు లేకుండా నేర్చుకునే యంత్రం సిద్ధం. ల్యాబ్ అసిస్టెంట్ ఒకాయన రాత్రి దాకా మాతోపాటు కూర్చుని కేబుళ్లు సర్దారు. ఆయన లేకపోతే జరిగేది కాదు.

తరగతిలో అందరికీ ఒక ఎర్ర కాగితం, ఒక ఆకుపచ్చ కాగితం ఇచ్చాను, వెనక జిగురుండే చిన్నవి. పని అయితే మానిటర్ మీద పచ్చది, ఎక్కడైనా ఆగితే ఎర్రది. పరిశోధకులకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ తరగతుల నుంచి వచ్చిన పద్ధతి ఇది, జర్మనీలో మేమూ ఇదే పాటిస్తాం. నోరు విప్పి "నాకు రాలేదు" అనక్కర్లేదు, కాగితం అంటిస్తే సాయం చేసేవాళ్లు పక్కకొస్తారు. అదే సంప్రదాయంలో ఇంకో నియమం ఉంది, నాకు చాలా ఇష్టమైనది: సాయం చేసేవాళ్లు నేర్చుకునేవాళ్ల కీబోర్డు ముట్టుకోకూడదు. మన ల్యాబుల్లో టైపు చేసి చూపించేస్తే త్వరగా తెములుతుందని మేడమ్‌లు కీబోర్డు లాక్కోవడం మామూలు. దాంతో ఆ పూట పని అయిపోతుంది, చెయ్యి మాత్రం తిరగదు.

మొదటి ఎర్ర కాగితాలు నేననుకున్న చోటే లేచాయి. స్క్రిప్టుని విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చినవాళ్లకు ఎస్‌బ్యాచ్ వెంటనే అడ్డం చెప్పింది, వరుస చివర్లో పెట్టే కనిపించని గుర్తులు డాస్ (విండోస్) పద్ధతిలో ఉన్నాయని. ఫైలుని యూనిక్స్ పద్ధతికి మారిస్తే అయిపోతుంది. కానీ ఆ ఎర్రర్‌ని పూర్తిగా చదివి, అందులో ఏముందో తన మాటల్లో చెప్పమని ఒక్కొక్కరినీ అడిగాను. మధ్యాహ్నానికి ఎర్ర కాగితం అంటించడానికి ఎవరూ మొహమాటపడలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒక సివిల్ ఎంటెక్ అబ్బాయి పని. బుడమేరు ముంపు మీద ప్రాజెక్టు. 2024 సెప్టెంబరు మొదటివారం ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇటు బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ మునిగింది. మా పిన్నివాళ్లు మేడ మీదే ఉండిపోయారు. నేను జర్మనీలో ఫోను పట్టుకుని, తగలని నంబరుకి మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చున్నాను. అందుకని ఆ అబ్బాయి స్క్రీన్ మీద సింగ్‌నగర్ వీధుల మ్యాపు చూడగానే కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను.

వాన ఎంత పడితే, గట్టు ఎక్కడ తెగితే, ఏ వీధికి ఎంతసేపట్లో నీళ్లొస్తాయన్నది అతని లెక్క. ఒక్కో రన్‌కి రాత్రంతా పడుతోంది. వాన, నేల గరుకుదనం, గండి వెడల్పు మారుస్తూ వందల రన్లు కావాలి. "మేడం, 8 కోర్లూ ఇస్తే ఎనిమిది రెట్లు తొందరగా అవుతుంది కదండీ?" అన్నాడు. ఇచ్చి చూద్దామన్నాను. జాబ్ నడుస్తుండగా ఆ నోడ్ మీద, ఏ పని ఎంత నడుస్తోందో చూపే టాప్ అనే కమాండ్ తెరిచి 1 నొక్కితే కోర్లన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఒకటే పూర్తిగా పనిచేస్తోంది, మిగతా ఏడూ ఖాళీ. అతని ప్రోగ్రామ్ ఒక్క కోర్ కోసం రాసింది, ఎన్ని ఇచ్చినా వాడుకోలేదు.

కోర్లన్నీ ఒకేసారి పనిచేసేలా, అంటే సమాంతరంగా, తిరగరాసినా హద్దు ఉంటుంది. దాన్ని 1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు వివరించాడు. పనిలో 10 శాతం ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాల్సి వస్తే, 8 కోర్లతో వచ్చే వేగం 4.7 రెట్లు, 64 కోర్లతో 8.8 రెట్లు. ఎన్ని వేల కోర్లు పెట్టినా 10 రెట్లు దాటదు. బోర్డు మీద ఈ లెక్క వేస్తుంటే తరగతంతా నిశ్శబ్దంగా రాసుకుంది.

అతనికి మాత్రం తిరగరాయాల్సిన అవసరమే లేదు. రన్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. స్లర్మ్‌లో జాబ్ అర్రే అని ఉంది: ఒకే స్క్రిప్టు, ఒక్కో రన్‌కి ఒక్కో నంబరు, ఆ నంబరుని బట్టి వానా గరుకుదనం మారతాయి. ఒక్కోదానికి ఒక్క కోర్ అడిగితే చాలు, ఒక డెస్క్‌టాప్ మీద ఒకేసారి ఎనిమిది నడుస్తాయి, మెమరీ సరిపోతే. సాయంత్రానికి అర్రే పంపి ఎస్‌క్యూ కొట్టాడు. నడుస్తున్న రన్లు వరుసగా కనిపించేసరికి పక్క బెంచీవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

ఇదంతా జర్మనీ వచ్చాకే నేర్చుకోవాలని ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీ-డాక్ 1991లోనే పరమ్ 8000 అనే సూపర్‌కంప్యూటర్ తయారుచేసింది. 2015లో 4,500 కోట్ల రూపాయలతో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్‌కు ఆమోదం వచ్చింది. హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ అనే యంత్రం నడుస్తోంది. శిక్షణ కోసం ఖరగ్‌పూర్, మద్రాసు, గోవా, పాలక్కాడ్ ఐఐటీల్లో నోడల్ కేంద్రాలు పెట్టారు. పరమ్ యంత్రాల మీద ఉన్నదీ స్లర్మే. బందరు రోడ్డు ల్యాబులో రాసిన స్క్రిప్టులో పార్టిషన్ (నోడ్ల గుంపు) పేరు, మాడ్యూళ్ల (యంత్రం మీద సిద్ధంగా ఉంచిన సాఫ్ట్‌వేర్ల) పేర్లు మార్చుకుంటే చాలావరకు అక్కడా నడుస్తుంది. ఇక్కడి పిల్లలకు ఆ సంగతి చెప్పి, చెయ్యి పట్టి మొదటి జాబ్ పంపించేవాళ్లు కావాలి. ఆ పని కాలేజీల్లోనే జరగాలి, ఏటా జరగాలి.

ఇప్పుడు శనివారాలు ఆన్‌లైన్‌లో వాళ్లతో కూర్చుంటున్నాను. వాళ్లకు సాయంత్రం ఆరు, నాకు శీతాకాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర. ప్రశ్న తెచ్చేవాళ్లు స్క్రిప్టు, పూర్తి ఎర్రర్, అప్పటిదాకా ఏమేం ప్రయత్నించారో మూడూ ముందే పంపాలని మా ఒప్పందం. బుడమేరు అబ్బాయి కాలేజీ ద్వారా పెద్ద యంత్రం మీద సమయం కోసం దరఖాస్తు రాస్తున్నాడు. ఎన్ని కోర్ గంటలు (ఒక కోర్ ఒక గంట పనిచేస్తే ఒకటి) కావాలన్న చోట, ల్యాబులో కొలిచిన రన్ సమయాన్ని రన్ల సంఖ్యతో గుణించి, ఆగిపోయేవాటి కోసం కొంత కలిపి వేశాడు. పోయిన వారం ఆ లెక్కని తరగతి అందరిముందూ చదివించాం. నేల గరుకుదనానికి అన్ని విలువలు అవసరమా అని వెనక బెంచీ అమ్మాయి ఒకామె అడిగింది. ఆలోచించి కొన్ని తీసేశాడు, అడిగే గంటలు తగ్గాయి.