ఎడమ ఇండికేటర్ గోల

ఇవాళ శనివారం. వాన లేదు, అదే పదివేలు. కాఫీ అవగానే గ్యారేజీలో దూరాను. లోపల మా 1971 ఎంజీబీ జీటీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇంగ్లండ్‌లో మేముండే రెడింగ్‌కి ఎంతో దూరం లేని ఆబింగ్డన్‌లో తయారైన బండి.

దాని తాజా రోగం ఇది: ఎడమ ఇండికేటర్ వేస్తే ఆ పక్క టెయిల్ లైటు కూడా దాంతోపాటే మిణుక్కుమంటోంది. అప్పుడే బ్రేకు తొక్కితే ఇండికేటర్ కొట్టుకోవడం మానేసి నీరసంగా వెలిగి కూర్చుంటోంది. కుడిపక్క ఏ పేచీ లేదు.

ఇదంతా చెబితే ఒక గ్యారేజీ ఆయన, వైరింగ్ మొత్తం మార్చాల్సిందేనన్నాడు. కూలీతో కలిపి ఆయన చెప్పిన అంకె వినగానే మా ఆవిడ, "ఆ డబ్బుతో అందరం ఇండియా వెళ్లి రావచ్చండీ" అంది. నిజమే. అయినా పాత బండి కరెంటు సమస్య అనగానే వైరింగ్ మార్చమనడం, కడుపునొప్పి అన్నవాడికి ఆపరేషన్ రాసినట్టే ఉంటుంది నాకు.

బెజవాడలో బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి అంబాసిడర్లకు వైరింగ్ చేసిన చెయ్యి ఆయనది. ఎంజీబీ అంటే ఆయనకు పరాయి బండేమీ కాదు. పాత పెట్రోలు అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజినూ, దీంట్లోని 1798 సీసీ ఇంజినూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి ఒకే బి-సిరీస్ కుటుంబం. "మన అంబాసిడర్ తమ్ముడే కదరా" అంటాడు. ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసే ఫ్లాషర్ యూనిట్ పోయిందేమో బాబాయ్ అని నేననేలోపే, "ముందు ఎర్తు చూశావా?" అన్నాడు.

ఎర్తు అంటే బల్బు దాటిన కరెంటు బండి రేకు మీదుగా బ్యాటరీకి తిరిగెళ్లే దారి. ఆయన అనుమానంలో అర్థముంది. వెనక లైటు సెట్టులో ఇండికేటర్, బ్రేకు, టెయిల్ బల్బులన్నిటికీ ఎర్తు ఒకటే. ఆ దారి మూసుకుపోతే ఇండికేటర్‌కి వెళ్లిన కరెంటు ఊరుకోదు, పక్కనున్న టెయిల్ ఫిలమెంటులోంచి ఎదురెక్కి, ఎర్ర వైరు పట్టుకుని మిగతా సైడ్ లైట్ల మీదుగా ఎర్తు వెతుక్కుంటుంది. బ్రేకు కూడా తొక్కితే ఆ 21 వాట్ల బల్బు కరెంటూ అదే ఇరుకు దారిలో పడుతుంది. అప్పుడు ఇండికేటర్‌కి అందేది తగ్గిపోతుంది. పాత రకం ఫ్లాషర్ లోపలి రేకు వేడెక్కితేనే కొట్టుకుంటుంది కాబట్టి, చాలినంత కరెంటు లేక ఆగిపోతుంది.

ఈ బండిలో ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే బ్రేకు లైట్లు వెలుగుతాయి. ఇంజిన్ తిరక్కుండా ఎక్కువసేపు అలా ఉంచితే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుల్లో నిప్పురవ్వకు కరెంటిచ్చేది) వేడెక్కుతుందని, దాని తెల్ల వైరు ముందే పీకి పక్కన పెట్టాను. అమ్మాయిని బతిమాలి బ్రేకు మీద కాలు పెట్టించాను. ఒక కాలు బ్రేకు మీద, రెండు కళ్లూ ఫోన్‌లో. "నాన్నా, ఇంకెంతసేపు?"

మీటరు ఒక కొస లైటు హోల్డరు మీద, రెండోది డిక్కీలో ఉప్పుకాగితంతో రుద్దిన రేకు మీద. 3.8 వోల్టులు! ఎర్తు బాగుంటే అక్కడ ఇంచుమించు సున్నా చూపించాలి. కుడిపక్క 0.1.

హోల్డరు నుంచి నల్ల వైరు పట్టుకుని వెళ్తే డిక్కీ మూల కార్పెట్టు వెనక జాయింటు దొరికింది. రబ్బరు తొడుగు గట్టిపడి గోటితో నొక్కితే పెచ్చులూడింది. లోపల ఇత్తడి గొట్టం నిండా పచ్చటి చిలుము. వైరు పట్టి లాగితే బుల్లెట్ (వైరు కొసకుండే, ఆ గొట్టంలో దూరే లోహపు మొన) లోపలే ఉండిపోయి, నల్లబడ్డ రాగి పోగులు మాత్రం చేతికొచ్చాయి. నల్లబడిన మేర కోసేసి, మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి వెళ్లి, కొత్త బుల్లెట్ టంకం వేసి, కొత్త తొడుగులో దోపి, తడి తగలకుండా కాస్త వాసెలిన్ పూశాను. మళ్లీ మీటరు పెడితే 0.08. ఇండికేటర్ టకటకా కొట్టుకుంటోంది, బ్రేకు తొక్కినా సరే.

నలభై ఏళ్లు దాటి పెద్ద మార్పులేమీ చేయని బళ్లకు ఇక్కడ ఏటా చేసే ఎంఓటీ పరీక్ష (బండి రోడ్డు మీదికి పనికొస్తుందా అని చూసేది) తప్పనిసరి కాదు. కాబట్టి బ్రేకు లైటు వెలగట్లేదని ఎవరూ పిలిచి చెప్పరు, మనమే చూసుకోవాలి.

అదే మూలలో పాత యజమాని నిర్వాకం కూడా బయటపడింది. బ్రిటిష్ బళ్లలో వైరు రంగే సగం పని చేసిపెడుతుంది: గోధుమ రంగు నేరుగా బ్యాటరీ నుంచి, తెలుపు ఇగ్నిషన్ తర్వాత, ఆకుపచ్చ దాని ఫ్యూజు దాటాక, ఎరుపు సైడ్ లైట్లకి, నలుపు ఎర్తుకి. ఆ మహానుభావుడు స్పీకర్లకీ ఎరుపే, డిక్కీ లైటుకీ ఎరుపే వాడి, అన్నిటికీ నీలం ప్లాస్టిక్ క్లిప్పులు బిగించాడు. ఆ క్లిప్పులు వైరు తొక్క చీల్చుకుని పట్టుకుంటాయి, తడి కూడా ఆ చీలికలోంచే దూరుతుంది. అన్నీ పీకి పారేశాను. డిక్కీ లైటు లేకపోయినా కొంప మునగదు.

ఇక మిగిలింది హారన్. అప్పుడప్పుడూ మోగుతుంది, అవసరమైనప్పుడు తప్ప. దీంట్లో హారన్‌కి కరెంటు ఊదా వైరులో ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, స్టీరింగ్ మీది బటన్ నొక్కితే అందేది ఎర్తు. ఈ మాట చెప్పగానే బాబాయి పడీపడీ నవ్వి పందెం కాశాడు. అదీ ఎర్తే అయితే ఈసారి వచ్చేటప్పుడు ఆయనకో మంచి మల్టీమీటరు తేవాలట. ఏ మోడల్ కావాలో అప్పుడే వాట్సాప్‌లో ఫోటో పంపించాడు.