రీస్టార్ట్‌తో వచ్చిందంటే వైఫై కార్డు పోలేదు

స్లీప్‌లో ఉన్న లాప్‌టాప్ మూత తెరవగానే వైఫై గుర్తు మాయం. డివైజ్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు త్రికోణం, లోపలికెళ్తే కోడ్ 10, అంటే డివైజ్ స్టార్ట్ కావట్లేదని. మధ్యాహ్నం భోంచేసి వచ్చి మీటింగ్‌లో చేరాలంటే ఇదే టెన్షన్. బెంగళూరు మారతహళ్లిలో మా సందు చివర రిపేరు షాపాయన నా కళ్లముందే షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేసి, అప్పటికీ వైఫై రాకపోయేసరికి "కార్డ్ హోగిదె సార్" (కార్డు పోయింది సార్) అని కన్నడలో తేల్చేశాడు, నేను తెలుగువాణ్ణని తెలిశాక అదే మాట తెలుగులో ఇంకాస్త ధీమాగా చెప్పాడు. ఇంటికొచ్చి రీస్టార్ట్ నొక్కితే మాత్రం ఏమీ ఎరగనట్టు వచ్చేసింది.

కిటుకంతా ఆ తేడాలోనే ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు మన ప్రోగ్రాములన్నీ మూతపడతాయి కానీ కెర్నల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్ల (ఒక్కో పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) స్థితి మాత్రం డిస్కు మీద దాచి, ఆన్ చేయగానే అదే సరుకును మళ్లీ రామ్‌లోకి ఎక్కిస్తుంది, అంటే తిక్కలో ఉన్న డ్రైవర్ అదే తిక్కతో లేవొచ్చు. రీస్టార్ట్‌లో అంతా మొదటి నుంచి లోడవుతుంది. కాబట్టి "షట్‌డౌన్ చేసి చూశాం, రాలేదు" అనేది సాక్ష్యం కింద చెల్లదు.

స్లీప్‌లో వైఫై కార్డు, యూఎస్‌బీ పోర్టుల్లాంటి వాటికి కరెంటు తగ్గుతుంది, లేదా ఆగిపోతుంది. లేచాక వాటిని మళ్లీ పనిలో పెట్టాల్సింది డ్రైవరే. అది తడబడితే కార్డు నిక్షేపంగా ఉన్నా ఉలకదు, పలకదు.

ముందు డివైజ్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ డివైజ్‌ని ఆపొచ్చు అనే అర్థం వచ్చే టిక్కు తీసేయండి. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ ట్యాబే ఉండదు, ఎందుకంటే అవి పాత తరహాలో పూర్తిగా పడుకోవు, మోడర్న్ స్టాండ్‌బై పేరుతో కోడికునుకు తీస్తాయి (బ్యాగులో పెట్టిన లాప్‌టాప్ ఒక్కోసారి కాలిపోతూ బయటికొచ్చేది కూడా ఇందుకే). నాకు పనిచేసింది డ్రైవర్ ట్యాబ్‌లోని రోల్ బ్యాక్. అప్‌డేట్ తెచ్చిన కొత్త డ్రైవర్ పోయి పాతది రాగానే గొడవ సద్దుమణిగింది. ఆ బటన్ నొక్కుడు పడకపోతే లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఇచ్చిన డ్రైవర్ వేసుకోండి. బయాస్ (విండోస్ కంటే ముందు లేచి మెషీన్‌ని లేపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ జోలికెళ్తే చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండా ఉన్నప్పుడే చేయండి, మన ఊళ్లో నాలుగు చినుకులకే కరెంటు పోతుంది.

లేచాక వైఫై కాక స్క్రీనే నల్లగా ఉండిపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది.

ఇంకా అనుమానం తీరకపోతే పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, దాంతో బూట్ చేసి, అక్కడే ఓసారి పడుకోబెట్టి లేపండి. అక్కడ బాగుంటే కార్డుకి రోగం లేదనే లెక్క. అక్కడా, రీస్టార్ట్ తర్వాత కూడా కార్డు జాడే లేకపోతే అప్పుడు కంప్యూటర్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డుకి వెళ్లండి, బండి మీద వద్దు, పార్కింగ్ నరకం, చిక్‌పేట మెట్రోలో దిగి నడవండి.