సముద్రం పక్క పుస్తకాల షాపులో రెండు బల్లలు

సముద్రం ఒడ్డున ఉన్న ఏ చిన్న ఊరికి వెళ్ళినా నేను ముందు బీచ్ వైపు వెళ్ళను, పుస్తకాల షాపు ఏమైనా ఉందా అని వెతుక్కుంటాను. ఉంటే గింటే ఒక గది, మహా అయితే గదిన్నర. అంత చిన్న చోట కూడా తరచుగా రెండు బల్లలు కనిపిస్తాయి. తలుపు దగ్గరున్నది బాగా అమ్ముడుపోయేవాటికి, లోపల కౌంటర్ పక్కనున్నది షాపువాళ్ళు "ఇది చదవండి" అని చెప్పేవాటికి. రెండింటి మీదా అవే పుస్తకాలు ఉన్నాయంటే ఆ షాపు నాకు అంతగా నచ్చదు. అమ్ముడుపోయేదాన్నే చదవమని చెప్పడానికి షాపులో మనిషి ఎందుకు?

తలుపు దగ్గర బల్లని నేను చాలాకాలం చిన్నచూపు చూశాను. అన్నీ హత్యలు, ప్రేమలు, లావుపాటి థ్రిల్లర్లు. తర్వాత ఒకసారి ఎండలో ఇసుక మీద కూర్చుని, పక్కన పిల్లలు అరుస్తుంటే, బరువైన నవల ఒకటి తెరిచి ఒకే పేజీ నాలుగుసార్లు చదివాక అర్థమైంది. అక్కడ కావాల్సింది మధ్యలో పక్కన పడేసినా దారం తెగని కథ. అగాథా క్రిస్టీ 1939లో రాసిన అండ్ దెన్ దేర్ వర్ నన్ లాంటివి ఇందుకు సరిగ్గా సరిపోతాయి: పదిమందిని ఒక దీవికి రప్పించి, బయటికి దారి లేకుండా చేసి, ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోతుంది. చుట్టూ నీళ్ళున్న చోట కూర్చుని చదివితే ఇంకాస్త భయం వేస్తుంది కూడా.

హెమింగ్వే రాసిన ద ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ మాత్రం రెండు బల్లల మీదా ఉన్నా నేను ఏమీ అనను. సన్నటి పుస్తకం, ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది, అయినా వారం రోజులు వదలదు. అది 1952లో మొదట లైఫ్ పత్రికలో మొత్తంగా ఒకే సంచికలో వచ్చింది, ఆ సంచిక రెండు రోజుల్లో 50 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది పులిట్జర్, ఆ పై ఏడాది, అంటే 1954లో, ఆయనకి నోబెల్.

మోబీ డిక్ సంగతి వేరు. సముద్రం కనబడగానే దాన్ని కొనేయాలనిపిస్తుంది, అదేం జబ్బో! మెల్విల్ దాన్ని 1851లో అచ్చు వేయిస్తే ఆయన బతికున్నన్నాళ్ళూ పెద్దగా ఎవరూ కొనలేదు. ఇప్పుడు అందరూ కొంటున్నారు, చదవడం దగ్గరే చిక్కు. నేను రెండు ఊళ్ళలో రెండు కాపీలు కొన్నాను. రెండుసార్లూ తిమింగలాల రకాలన్నీ వరసపెట్టి వర్ణించే 32వ అధ్యాయం దగ్గరే ఆగిపోయాను. మొత్తం 135 ఉన్నాయి మరి.

నాకు అసలు ఇష్టమైనది రెండో బల్ల. అక్కడ పుస్తకానికి పుస్తకానికి చేత్తో రాసిన చిన్న అట్టముక్క ఉంటుంది. ఒకచోట చూసిన అట్ట నాకింకా కళ్ళముందే ఉంది, ఉప్పుగాలి చెమ్మకి నీలం సిరా కాస్త పాకిపోయి, అంచులు వంకర తిరిగి, మధ్యలో రెండే వాక్యాలు: "ఇందులో హీరో చేప. నవ్వకుండా చదవండి." అది రేచెల్ కార్సన్ రాసిన అండర్ ద సీ విండ్. తీరపు పక్షులు, ఒక కానాగంత జాతి చేప, ఒక మలుగు చేప, వీటి బతుకుల్ని వాటి పక్కనే ఈదుతూ చూసినట్టు చెబుతుంది. పాపం, అది 1941 నవంబరులో వచ్చింది, డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి, అమెరికా యుద్ధంలోకి దిగింది. ఇక చేపల గురించి చదివే తీరిక ఎవరికుంది? పదేళ్ళ తర్వాత ఆవిడదే ద సీ అరౌండ్ అజ్ వచ్చి న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాలో 86 వారాలు కూర్చుంటే, 1952లో ఈ పాతదాన్ని మళ్ళీ అచ్చు వేశారు. ఈసారి అదీ ఆ జాబితాకెక్కింది. అంటే తలుపు దగ్గర బల్ల తిరిగి లోపలి బల్లని ఆదుకుందన్నమాట. అప్పట్నించీ థ్రిల్లర్లని వెక్కిరించడం మానేశాను.

ఆ రెండో బల్ల నాదైతే తోవె యాన్సన్ రాసిన ద సమ్మర్ బుక్ (1972) తప్పకుండా పెడతాను. ఒక నానమ్మ, ఒక మనవరాలు, ఒక బుల్లి దీవి, అంతే. పోట్లాడుకుంటారు, అలుగుతారు, మళ్ళీ కలిసి నడుస్తారు. దాని పక్కనే తకళి మలయాళంలో రాసిన నవల చెమ్మీన్. సెలవులకి వచ్చి చూసేవాళ్ళ సముద్రం ఒకటి, వలేసి దానిమీదే బతికేవాళ్ళ సముద్రం ఇంకొకటి, ఆ తేడా ఇందులో తెలుస్తుంది.

ఇన్ని చెప్పాను కానీ ఆ ఊరివాళ్ళు నిజంగా అడిగి తీసుకునేది ఆటుపోట్ల పట్టిక, సముద్రం ఏ వేళకి పొంగి ఏ వేళకి తగ్గుతుందో చెప్పే పుస్తకం. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు, పోయినేటి పట్టిక అసలు పనికిరాదు. ఏడాదికోసారి కొనక తప్పని పుస్తకం ఏ రచయితకి దొరుకుతుంది చెప్పండి!

ఇక మూల బీరువాలో పాత పుస్తకాలు, వచ్చిపోయేవాళ్ళు వదిలేసి వెళ్ళినవి. మొన్న అందులో మళ్ళీ మోబీ డిక్ కనిపించింది, చెయ్యి ఊరుకుంటుందా! మొదటి పావు వంతు పేజీలు తడికి అలల్లా ముడతలు పడి ఉన్నాయి, మిగతావి కొత్తవాటిలా నున్నగా ఉన్నాయి. ఆ రెండూ కలిసేచోట తెరిస్తే కుట్టులోంచి కాస్త ఇసుక రాలింది. ఏ అధ్యాయమా అని చూశాను. 34. ఎవరో గానీ, నాకంటే రెండు అధ్యాయాలు ఎక్కువే లాగారు.