మానిటర్‌పై 58 కనిపించిన నిమిషంలో

ఆపరేషన్ గదిలోనో ఐసీయూలోనో రోగి సగటు రక్తపోటు 58కి పడిపోయిందని మానిటర్ మోగగానే, దగ్గరున్న వైద్యుడి చేయి చాలావరకు ఆలోచనకంటే ముందే సెలైన్ గొట్టం దగ్గరకు వెళ్తుంది. మత్తు వైద్యంలోనూ ఐసీయూ వైద్యంలోనూ ఏళ్ల తరబడి పనిచేస్తున్నందువల్ల ఆ అలవాటు ఎంత బలమైనదో నాకు బాగా తెలుసు. అయితే 58 అన్న అంకె ఒక్కటే గానీ, రోగి అక్కడికి చేరిన దారి ప్రతిసారీ ఒక్కటి కాదు. రక్తం పోయి చేరినవాడికి ప్రాణం పోసే సెలైనే, గుండె నీరసించి చేరినవాడి ఊపిరితిత్తులను నీటితో నింపుతుంది. అందుకే ఆ నిమిషంలో మనం చేయవలసిన పనులు రెండని, అవి ఒకదాని తరువాత ఒకటి కాక ఒకేసారి జరగాలని నేను నమ్ముతాను: ఒక చేత్తో పీడనాన్ని నిలబెట్టడం, రెండో చేత్తో కారణాన్ని వెతకడం. మొదటి పని ముగించి రెండోదాన్ని వాయిదా వేయడం నేను ఎన్నోసార్లు చూసిన పొరపాటు. శిక్షణ రోజుల్లో ఒకసారి నేనే చేసిన పొరపాటు కూడా.

పెద్ద పొట్ట ఆపరేషన్ అయిన రోగి ఆ రాత్రి నా బాధ్యతలో ఉన్నాడు. పీడనం కొద్దికొద్దిగా జారుతుంటే సెలైన్ ఇచ్చాను, అంకె పెరిగింది. గంట గడిచాక మళ్లీ జారితే నాళాలను బిగించే నార్‌అడ్రినలిన్ మందు మొదలుపెట్టాను, అంకె మళ్లీ పెరిగింది. పొట్టలోని రక్తాన్నీ నీటినీ బయటికి తెచ్చే గొట్టం, అంటే డ్రెయిన్ సంచిలో రెండు మూడు చెంచాల ఎర్రని నీరు తప్ప ఏమీ లేదు, హిమోగ్లోబిన్ కూడా పెద్దగా తగ్గలేదు, కనుక లోపల రక్తస్రావం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఈలోగా నాడి 96 నుంచి 118కి, అక్కడినుంచి 130 దాటి వెళ్లింది. తెల్లవారుజామున వచ్చిన మా సీనియర్ మానిటర్‌కేసి చూడకుండా ముందు దుప్పటి తొలగించి రోగి మోకాలిపై చేయి పెట్టారు. అది చల్లగా, నీలిమచ్చలతో ఉంది. పొట్ట బిగుసుకుని ఉంది. అల్ట్రాసౌండ్‌లో పొట్ట నిండా రక్తం కనిపించింది. గడ్డకట్టిన రక్తం డ్రెయిన్‌ను మూసేసింది కాబట్టే సంచి ఖాళీగా ఉంది. వెంటనే మళ్లీ ఆపరేషన్ చేశారు, రోగి కోలుకున్నాడు. కానీ నేనిచ్చిన మందు ఆ రాత్రి అంకెను కాపాడుతూ, అసలు సంగతిని నాలుగు గంటలపాటు నా కళ్లకు కనపడనీయలేదన్న నిజాన్ని నేను మరచిపోలేదు. డ్రెయిన్‌లో రక్తం వస్తే రక్తస్రావం ఉన్నట్లే. రాకపోతే లేదని చెప్పడానికి వీల్లేదు. రక్తం పోతున్న తొలి గంటల్లో మిగిలిన రక్తం అంతగా పలచబడకపోవచ్చు గనుక హిమోగ్లోబిన్ కూడా నమ్మదగిన సాక్షి కాదు.

ఇంతకీ మేము పై అంకెను కాక సగటును ఎందుకు చూస్తామన్న ప్రశ్న చాలామందికి వస్తుంది. బీపీ 90/42 అని ఉంటే పై అంకె ఫరవాలేదనిపిస్తుంది. కానీ గుండె కొట్టుకునే ప్రతి ఆవృత్తిలో ఎక్కువ సమయం విశ్రాంతిదే కనుక, కింది అంకెను రెండింతలు చేసి పై అంకెకు కలిపి మూడుతో భాగిస్తే వచ్చే 58 మాత్రమే కిడ్నీకీ మెదడుకూ దాదాపుగా అందుతున్న ఒత్తిడి. ఆ ఒత్తిడి రెండు విషయాలపై ఆధారపడుతుంది: గుండె నిమిషానికి ఎంత రక్తం నెడుతోంది, ఆ రక్తానికి నాళాలు ఎంత నిరోధం ఇస్తున్నాయి. నాళాలను గట్టిగా బిగించి, రక్తప్రవాహం బాగా తగ్గినా అంకెను 70లో నిలబెట్టవచ్చు. ఆ రాత్రి నేను చేసినది సరిగ్గా అదే.

అన్నిటికంటే ముందు ఆ అంకె నిజమైనదో కాదో చూడాలి, అదీ కొన్ని క్షణాల్లోనే. ధమనిలో పెట్టిన గొట్టానికి అనుసంధానమై పీడనాన్ని కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ గుండె ఎత్తులో ఉండాలి. ఎవరైనా మంచాన్ని కిందికి దింపి ట్రాన్స్‌డ్యూసర్‌ను స్టాండుకే వదిలేస్తే, సుమారు 13 సెంటీమీటర్ల తేడాకు అంకె 10 తగ్గి కనిపిస్తుంది. చేతికి చుట్టే పట్టీ రోగి చేతికి మరీ పెద్దదైతే తక్కువగా, మరీ చిన్నదైతే ఎక్కువగా చూపుతుంది. భుజం ఆపరేషన్‌కు రోగిని కూర్చోబెట్టినప్పుడు చేతిపై 65 ఉంటే, అంతకంటే ఎత్తున ఉన్న మెదడుకు అందేది 65 కాదు. అయితే అంకె తక్కువగా వచ్చిన ప్రతిసారీ యంత్రం తప్పు చూపిందనుకుని పట్టీని మళ్లీ మళ్లీ ఉబ్బించడం ప్రమాదకరం. పట్టీ ఉబ్బుతున్న సేపట్లో మెడ దగ్గర నాడిని వేలితో పట్టుకుని చూడటానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

సగటు 65 ఉండాలన్న లక్ష్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని ఎప్పుడు సడలించాలో, ఎప్పుడు పెంచాలో కూడా తెలుస్తుంది. ఇన్‌ఫెక్షన్ వల్ల పీడనం పడిపోయే సెప్టిక్ షాక్‌లో 2014లో వెలువడిన సెప్సిస్‌పామ్ అధ్యయనం 65-70 లక్ష్యాన్నీ 80-85 లక్ష్యాన్నీ పోల్చి చూసింది. మరణాల్లో తేడా రాలేదు, ఎక్కువ లక్ష్యం పెట్టుకున్నవారిలో గుండె లయ తప్పడం పెరిగింది; కానీ ముందునుంచీ అధిక రక్తపోటు ఉన్నవారిలో ఆ ఎక్కువ లక్ష్యంతో డయాలసిస్ అవసరం తగ్గింది. 65 ఏళ్లు దాటినవారిలో 60-65 చాలునా అని బ్రిటన్‌లో పరీక్షించిన అధ్యయనం 2020లో వచ్చింది. మందులు తక్కువగా వాడినా మరణాలు పెరగలేదు. ఆపరేషన్ల విషయానికొస్తే, సుమారు 33,000 శస్త్రచికిత్సల రికార్డులను పరిశీలించి 2013లో ప్రచురించిన విశ్లేషణలో సగటు 55 కంటే తక్కువకు కొద్ది నిమిషాలు దిగినా కిడ్నీకీ గుండె కండరానికీ దెబ్బ తగిలే అవకాశం పెరిగినట్లు కనిపించింది. ఇది రికార్డుల పరిశీలన మాత్రమే కనుక పీడనమే కారణమని అది నిరూపించదు. అయినా 55 దగ్గర నిలబడి వేచి చూసే ధైర్యం నాకు లేదు. పెద్ద ఆపరేషన్లలో రోగి సొంత పై పీడనానికి పది శాతం లోపునే ఉంచేలా చికిత్స చేస్తే అవయవాలు దెబ్బతినడం తగ్గిందని 2017 నాటి ఇన్‌ప్రెస్ అధ్యయనం చూపింది. అందువల్ల ఆపరేషన్‌కు ముందు వార్డులో రాసిన బీపీ కాగితాన్ని నేను తప్పకుండా చూస్తాను. ఏళ్లుగా 160తో బతికిన మనిషికి 100 అనేది మామూలు బీపీ కాదు.

ఇక కారణాల సంగతి. ఆపరేషన్ బల్లపై పీడనం ఎప్పుడు పడింది అన్నదే సగం జవాబు. మత్తు మందు ప్రొపోఫాల్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లో, ఇంకా కోత మొదలుకాకముందే పడితే నాళాలు వదులైనందువల్లే పడి ఉంటుంది. ఆ ఉదయం కూడా కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకున్నవారిలో ఈ పతనం ఇంకా మొండిగా ఉంటుంది. వెన్నులో మత్తు ఇచ్చి సిజేరియన్ చేసేటప్పుడు నాళాలు వదులవడానికి తోడు గర్భసంచి బరువు పెద్ద సిరను నొక్కుతుంది. అందుకే తల్లిని కొంచెం ఎడమవైపుకు ఒరిగిస్తాం, నాళాలను బిగించే ఫినైల్‌ఎఫ్రిన్‌ను పీడనం పడిపోయాక కాక ముందునుంచే చుక్కలుగా ఇస్తాం. ఆ మందుతో నాడి మరీ నెమ్మదిస్తే, నాడిని కూడా పెంచే ఎఫిడ్రిన్‌కు మారవలసి వస్తుంది. పొట్టలోకి గ్యాస్ నింపుతున్న క్షణంలో నాడి ఒక్కసారిగా 35కి దిగి పీడనం పోతే, నాడిని పెంచే అట్రోపిన్ వెతుక్కునేలోపే సర్జన్‌కు గ్యాస్ ఆపమని చెప్పడం సగం చికిత్స. యాంటీబయాటిక్ ఎక్కించిన రెండు నిమిషాలకు పీడనం మాయమై, ఊపిరితిత్తుల్లోకి గాలి నెట్టే బ్యాగు నొక్కడానికి గట్టిపడితే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణాంతకమైన అలెర్జీ. అక్కడ అడ్రినలిన్ తప్ప మరోదానితో కాలయాపన చేయకూడదు. సర్జన్‌కూ మాకూ మధ్యనున్న తెరకు అటువైపు ఏం జరుగుతోందో అడగడానికి మత్తు వైద్యులు ఎందుకు మొహమాటపడతారో నాకు అర్థం కాదు. పెద్ద సిరమీద ఏదైనా పరికరం ఆనుతోందా, రక్తం ఎంత పోయింది అన్న రెండు ప్రశ్నలు చాలా మందులకంటే త్వరగా పనిచేస్తాయి.

ఐసీయూలో దారులు మరికొంచెం చిక్కుగా ఉంటాయి. వెంటిలేటర్‌పై ఉన్న ఆస్తమా రోగి పీడనం హఠాత్తుగా పడిపోతే, లోపలికి పోయిన గాలి పూర్తిగా బయటికి రాకుండా ఛాతీలో పోగుపడి గుండెకు రక్తం తిరిగి రానివ్వడం లేదేమోనని అనుమానించాలి. గొట్టాన్ని వెంటిలేటర్‌నుంచి కొన్ని క్షణాలు విడదీస్తే గాలి దీర్ఘంగా బుస్సుమని బయటికి వచ్చి, మానిటర్‌పై పీడనపు అల మన కళ్ల ముందే లేస్తుంది. లేవకపోతే ఛాతీలో ఒకవైపు ఊపిరితిత్తి బయట గాలి నిండిందా అని చూడాలి. గుండె చుట్టూ నీరు చేరినా, ఊపిరితిత్తుల ధమనిలో పెద్ద గడ్డ అడ్డుపడినా ఎన్ని సీసాలు ఎక్కించినా అడ్డు తొలగేవరకు ఫలితం ఉండదు. ఈ కారణాలను విడదీయడానికి మంచం పక్కనే చేసే ఎకో, అంటే గుండె అల్ట్రాసౌండ్, నాకు అన్నింటికంటే నమ్మకమైన సాధనం. గుండె బలంగా కొట్టుకుంటోందా, ఖాళీగా ఉందా, కుడివైపు ఉబ్బిందా అన్నది రెండు మూడు నిమిషాల్లో తెలిసిపోతుంది.

సెలైన్ ఎంత ఇవ్వాలన్నది నన్ను చాలాకాలంగా కలవరపెట్టే ప్రశ్న. సెప్టిక్ షాక్‌లో తొలి మూడు గంటల్లో శరీర బరువులో కిలోకు కనీసం 30 మిల్లీలీటర్లు ఇవ్వాలని మార్గదర్శకాలు సూచిస్తాయి, అయితే దాన్ని ఒక సూచనగానే చూడాలి. 2023లో వచ్చిన క్లోవర్స్ అధ్యయనంలో ద్రవాలు తగ్గించి మందులు ముందుగా మొదలుపెట్టినవారికీ, ద్రవాలు ఎక్కువగా ఇచ్చినవారికీ మరణాల్లో తేడా కనిపించలేదు. కాబట్టి ఎక్కించే ప్రతి సీసాకు ముందు, ఈ గుండె దాన్ని వాడుకోగలదా అని అడగడం న్యాయం. దానికి సులువైన పద్ధతి ఒకటుంది. తలవైపు ఎత్తి ఉన్న మంచాన్ని చదునుగా దింపి, కాళ్లవైపును 45 డిగ్రీలు లేపితే, కాళ్లలోని రక్తం గుండెకు చేరుతుంది. గుండె నెట్టే రక్తం నిమిషంలోపు పది శాతం పెరిగితే ద్రవం పనికొస్తుంది, పెరగకపోతే పనికిరాదు, కాళ్లు దించేస్తే ఇచ్చినది తిరిగి తీసుకున్నట్లే. ఒకసారి ఎక్కించిన లీటరును మాత్రం అలా తిరిగి తీసుకోలేం.

నాళాలు వదులైనప్పుడు నార్‌అడ్రినలిన్‌నే నేను మొదట ఎంచుకుంటాను. ఒకప్పుడు పీడనాన్ని పెంచడానికి డోపమైన్‌ను విరివిగా వాడేవారు. 2010 నాటి సోప్-2 అధ్యయనంలో డోపమైన్ పొందినవారిలో 24 శాతం మందికి, నార్‌అడ్రినలిన్ పొందినవారిలో 12 శాతం మందికి గుండె లయ తప్పింది. మెడలోని పెద్ద సిరలో గొట్టం పడేదాకా ఈ మందును ఆపనక్కర్లేదు. మోచేతి దగ్గరి మంచి సిరలో, చర్మాన్ని తరచుగా చూసుకుంటూ, కొద్ది గంటలు నడపవచ్చు. మోతాదు నిమిషానికి కిలోకు 0.25 మైక్రోగ్రాములు దాటుతున్నప్పుడు దాన్నే పెంచుకుంటూ పోకుండా నాళాలను మరో దారిలో బిగించే వాసోప్రెసిన్‌ను, ఆ అవసరం గంటల తరబడి కొనసాగితే రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను జతచేస్తాం. అంతవరకు వచ్చామంటే ఆగి, ఇన్‌ఫెక్షన్ మూలం ఇంకా లోపలే ఉందేమోనని మరోసారి వెతకాలి.

పీడనం లక్ష్యానికి చేరిన తరువాత కూడా నేను రోగి దగ్గర కొంతసేపు నిలబడతాను. వేలి కొసను పది సెకన్లు గట్టిగా నొక్కి వదిలితే తెల్లబడిన చర్మం మూడు సెకన్లలోపు తిరిగి ఎర్రబడుతోందా, మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరైనా వస్తోందా, కణాలకు రక్తం చాలనప్పుడు పెరిగే లాక్టేట్ దిగుతోందా అని చూస్తాను. 65 చేరి కూడా వేలు అయిదారు సెకన్లు తెల్లగానే ఉండిపోతే, అంకె బాగుపడింది గానీ రక్తం ఇంకా అందడం లేదని అర్థం. 2019లో వచ్చిన ఆండ్రోమెడా-షాక్ అధ్యయనం ఈ వేలి పరీక్షను లాక్టేట్‌తో పోటీకి నిలబెడితే, అది ఏమాత్రం వెనుకబడలేదు.

మందులు తగ్గించే దశలో తొందర పనికిరాదు, అలాగని మరచిపోవడమూ పనికిరాదు. సిరంజి పంపులో మందు అయిపోయి కొత్త సిరంజి మార్చే ఆ కొద్ది క్షణాల్లోనే 75 నుంచి 48కి పడిన రోగులను చూశాను. అందుకే రెండో పంపును ముందే నడిపించి, మందు రోగికి చేరుతోందని తేలాకే పాతదాన్ని ఆపమని నర్సులను కోరతాను. నార్‌అడ్రినలిన్ పూర్తిగా ఆగి ఒక రోజంతా పీడనం తనంతట తాను నిలబడ్డాక, రోగి వార్డుకు వెళ్లే ముందు పాత మందుల చీటీని తెరిచి ఒక్కొక్క బీపీ మాత్రను విడివిడిగా చూస్తాను. ఏది ఇప్పుడే మొదలుపెట్టాలి, ఏది కిడ్నీ పరీక్ష వచ్చాక మొదలుపెట్టాలి అన్నది ఆ చీటీమీదే రాసి వార్డు వైద్యుడికి చెప్పిన తరువాతే సంతకం పెడతాను.