ఓఆర్ఎస్ అని రాసుంది గద మేడం

2025 మే నెల. పొద్దున 8 కే బాల్కనీ టైల్స్ మీద కాలు పెట్టలేనంత ఎండ. మా మోతీనగర్ ఫ్లాట్‌లో పనికొచ్చే అక్క ఆ రోజు మొహం పీక్కుపోయి వచ్చింది, రాత్రంతా బాబుకి మోషన్స్ అంట, రెండేళ్ళ పిల్లోడు, సరిగ్గా మా చిన్నోడి వయసే. ఓఆర్ఎస్ తాగిస్తున్నావా అక్కా అంటే "తాగిపిస్తనే ఉన్న మేడం, మూడు డబ్బాలు అయినయ్, అయినా ఆగుతలెవ్వు" అని సంచీలోంచి ఖాళీ టెట్రా ప్యాక్ తీసింది. ఇంకోటి కొనేటప్పుడు షాపాయనకి చూపించడానికి దాచుకుందట. దాని మీద పండు బొమ్మ, పైన పెద్దగా ఓ, ఆర్, ఎస్ అని మూడు ఇంగ్లీష్ అక్షరాలు.

ఇది అసలుది కాదక్కా అన్నా.

"ఓఆర్ఎస్ అని రాసుంది గద మేడం."

ఆమెకి ఇంగ్లీష్ చదవడం రాదు. కానీ ఆ మూడక్షరాలు మాత్రం గుర్తుపడుతుంది, ఎందుకంటే వాళ్ళ అంగన్‌వాడీ టీచర్ ప్యాకెట్ పట్టుకుని చూపించి చెప్పిందట, పిల్లలకి విరేచనాలైతే ఇదే తాగించాలి అని. అంటే సర్కారు ఖర్చు పెట్టుకుని, ఏళ్ళ తరబడి బస్తీల్లో తిరిగి తల్లులకి నేర్పిన మూడక్షరాలు, వాటి మీద పుట్టిన నమ్మకం, కంపెనీ వాళ్ళకి ఒక్క రూపాయి పెట్టుబడి లేకుండా దొరికాయి. నాకు అన్నిటికంటే అక్కడే కాలింది.

డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్రకారం లీటరు నీళ్ళకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, మిగతావి ఉప్పు, పొటాషియం, సిట్రేట్, ఆ కొలత అలా ఉంటేనే పేగు నీళ్ళని పీల్చుకుంటుంది. ఈ డబ్బా వెనక రాసిన చక్కెర లీటరుకి లెక్కేస్తే దానికి ఎన్నో రెట్లు. చక్కెర అంత ఎక్కువైతే ఒంట్లో నీళ్ళే పేగులోకి లాగేస్తుంది, మోషన్స్ ఇంకా పెరుగుతాయి. పిల్లోడికి మంచిదని ఆమె కూలి డబ్బులు పెట్టి తాగించింది అదీ. వెనక ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో, ఇది డబ్ల్యూహెచ్ఓ చెప్పిన ఓఆర్ఎస్ కాదు అని కూడా ఉంది. ఇంగ్లీష్‌లోనే అనుకోండి.

ఆ రోజు సాయంత్రానికి పిల్లోడికి సెలైన్ పెట్టించాల్సొచ్చింది, నెల జీతం అడ్వాన్సు తీసుకుంది. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

దీని మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరే, శివరంజని సంతోష్ గారు, దాదాపు 8 ఏళ్ళు కొట్లాడారు. 2022 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార పదార్థాలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, ఇలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దంది, జులైకల్లా మనసు మార్చుకుని ఇది ఓఆర్ఎస్ కాదు అని రాసుకుంటే చాలు వాడుకోండి అంది. చివరికి 2025 అక్టోబర్‌లో ఆ వెసులుబాటు తీసేసింది. ఆ వార్త చెప్తూ పెట్టిన వీడియోలో డాక్టర్ గారు ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను, నిజం చెప్తున్నా. కానీ మూడు అక్షరాలు తీయించడానికి ఒక డాక్టర్‌కి అన్నేళ్ళు పడితే, పేరు కాస్త అటూ ఇటూ మార్చి అదే డబ్బాని మళ్ళీ షెల్ఫ్ ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది?

దీని గురించి మా ఫ్రెండ్స్‌తో మాట్లాడితే అందరిదీ ఒకటే మాట, పేరెంట్స్ లేబుల్ చదవాలండీ అని. నేనూ అలా అన్నదాన్నే. పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ 2024 ఏప్రిల్‌లో రిపోర్ట్ ఇచ్చింది గుర్తుందా, పసిపిల్లలకి పెట్టే నెస్లే సెరెలాక్‌లో ఇండియాలో అమ్మేదానికి చక్కెర కలుపుతారు, వాళ్ళ సొంత దేశం స్విట్జర్లాండ్‌లో అమ్మేదానికి కలపరు అని. కంపెనీ వాళ్ళేమో ఇక్కడి రూల్స్ ప్రకారమే అన్నారు. ఆ వారం మా ఇంట్లో డబ్బాలన్నీ తిరగేసి చదివి, సగం పారేసి, మా అత్తమ్మ ఎప్పట్నుంచో మొత్తుకుంటున్న ఉగ్గుకి వచ్చా, బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి కచ్చాపచ్చాగా పట్టించి. బాగానే ఉంది. కానీ దానికి ఇంట్లో అత్తమ్మ ఉండాలి, వండే టైముండాలి, చదువుండాలి, పారేసినా బాధలేనన్ని డబ్బులుండాలి. అవన్నీ ఉన్నవాళ్ళు తప్పించుకోవడానికి పెట్టిన చిన్న కిటికీ ఈ లేబుల్, లేనివాళ్ళకి అది గోడే.

మళ్ళీ అసలు ఓఆర్ఎస్ ప్యాకెట్ సర్కారు వాళ్ళ బస్తీ దవాఖానాలో ఫ్రీ, డాక్టర్ చూడటం ఫ్రీ. మరి ఎందుకు పోలేదక్కా అని అడిగా, అడిగేటప్పుడు కొంచెం టీచర్ గొంతు కూడా వచ్చిందేమో. "పొద్దుగాల 9 కి తెరుస్తరు, 4 కి బంద్ జేస్తరు మేడం, గప్పుడు నేను మీ ఇండ్లల్ల ఉంట" అంది. ఏడింటికి మొదలుపెట్టి ఐదు ఫ్లాట్లు, అయ్యేసరికి నాలుగు దాటుతుంది. రాత్రి పదింటికి కూడా తెరిచి ఉండేది మెడికల్ షాపే. అంటే ఆ డబ్బా ఆమె చేతికి వెళ్ళడంలో కంపెనీ ఒక్కటే లేదు, మా ఐదు ఇళ్ళ అంట్లూ ఉన్నాయి.

ఈసారి ఎప్పుడన్నా ఇలాగైతే పనికి రాకు, ముందు దవాఖానాకి పో, జీతం కట్ చెయ్యను అని చెప్పా. మిగతా నాలుగు ఫ్లాట్ల తరఫున నేనెలా చెప్పను.

ఇదంతా మా పెద్దది వింటూనే ఉంది, ఐదేళ్ళు దానికి, మనం వినట్లేదనుకుంటాం గానీ. రాత్రి పడుకోబెడుతుంటే అడిగింది, వాళ్ళ బాబుని మన డాక్టర్ అంకుల్ దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళలేదమ్మా అని. ఆ అంకుల్ ఫీజు 800. అంకుల్ క్లినిక్ వాళ్ళకి చాలా దూరం నాన్నా అన్నా, ఇంకేం తట్టక. "లేదు, అక్కడే కదా ఆంటీ రోజూ ఆటో ఎక్కేది, కార్లోంచి మనం టాటా చెప్తాం కదా" అంది.